పటిక స్ఫటికము, దాని కోణములు

గత సంవత్సరము మన పాఠశాల ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు ఇంటివద్ద పెంచిన పటిక స్ఫటికమును తెచ్చి నాకు చూపెను. అది ఆరు ప్రక్కలుగల పలకవలె నుండెను. పుస్తకములోని బొమ్మవలె లేదని మార్కులు తగ్గించి, మరల చేయుమంటిని. తప్పు నాదే. ఈ ప్రయోగమును మీ యిండ్లలో పిల్లలు చేయుచుందురు గనుక ఆ సంగతి మీకును తెలియవలెను.

పచారీ కొట్టులో దొరకు పటికను వేడినీటిలో, ఇక కరగనంతవరకు కరగించి, కదల్పక యుంచినచో కొన్ని దినములలో గిన్నె యడుగున స్ఫటికము లేర్పడును. బొమ్మలోని యాకారము అష్టముఖి: ఎనిమిది సమత్రిభుజములు, రెండు గోపురములను అడుగుతో అడుగు చేర్చినట్లు. దారమునకు వ్రేలాడదీసిన స్ఫటికము అన్ని వైపులకు పెరిగి ఇంచుమించు అట్లే యగును. అడుగున పడియున్నదానికి క్రిందివైపు ద్రావణ మందదు, కావున పలకయగును.

ఆ సాయంకాలము కోణమానినితో గీచి, అట్టముక్కలు కత్తిరించి, ఆ పలక యంచులకు ఆనించి చూచితిని. పై ముఖము చుట్టునున్న ఆరంచులలో ఒకటి విడిచి ఒకటి సుమారు 109½ డిగ్రీలు, తక్కినవి 70½ డిగ్రీలు. అష్టముఖిలో అంచు కలుపుకొను ముఖముల మధ్య మొదటి కోణమును, కొనవద్ద ఎదురెదురుగా నుండు ముఖముల మధ్య రెండవదియు ఉండును. ఆ బాలుని పలక అష్టముఖియే! ముఖముల పరిమాణము మారినది, వాని దిశలు మారలేదు. స్ఫటిక సౌష్ఠవమును చూడవలసినది ఆ దిశలలోనే.

ఈ సంగతిని 1669లో డెన్మార్కు వాడగు స్టెనో క్వార్ట్జు రాళ్ళలో గుర్తించెను. 1783లో ఫ్రాన్సున రోమే ద లీల్ అనేక ఖనిజముల కోణములను కొలిపించి నియమముగా ప్రకటించెను. లోపలి కణములు ఒకే క్రమమున పేర్చబడి యుండుటయే ఇందుకు కారణమని 1912 తరువాత ఎక్స్-కిరణముల వలన తేటపడినది.

మరియొక వింత: నెమ్మదిగా పెరుగు ముఖమే పెద్దదగును, వేగముగా పెరుగునది చిన్నదై తుదకు మాయమగును. మామూలు నీటిలో ఘనాకారముగా నేర్పడు ఉప్పు, యూరియా కలిసిన నీటిలో అష్టముఖిగా నేర్పడుట ఇందువలననే. రూపము వేరైనను ఘనమునకుగల 13 సౌష్ఠవాక్షములు అష్టముఖికిని కలవు.

ఆ బాలుని మార్కులను సరిదిద్దితిని. మీ పిల్లల స్ఫటికము వంకరగా వచ్చినచో పారవేయక, అట్టముక్కతో కోణములు కొలిచి, స్ఫటికముతోపాటు ఆ అంకెలను కూడ బడికి పంపగోరుచున్నాను.