కవాయి దీవిలోని కండ్లు లేని సాలీడు

సాలీడు అనగానే మనకు గూడు జ్ఞాపకం వస్తుంది. దుకాణంలో పై అరలు నాలుగు దినాలు దులపకపోతే అక్కడ గూడు కట్టేది, అందులో చిక్కిన ఈగను దారంతో చుట్టబెట్టేది మనమెరిగిన సాలీడు. కాని సాలీళ్ళలో గూడు అల్లని జాతులు కూడా చాలా ఉన్నవి. అవి నేలమీద తిరుగుతూ, ఎరను కంటితో కనిపెట్టి, పరుగెత్తి పట్టుకుంటాయి. అటువంటి వాటిలో ఒక కుటుంబానికి తోడేలు సాలీళ్ళని పేరు. ఈ కుటుంబానికి గొప్పదనమంతా కండ్లలోనే ఉన్నది. ఒక్కొక్కదానికి ఎనిమిది కండ్లు: ముందు వరుసలో చిన్నవి నాలుగు, వాటిపైన పెద్దవి రెండు, ఇంకను వెనుకగా మరి రెండు. రాత్రివేళ పొలం గట్టున దీపం పట్టి చూస్తే గడ్డిలో చుక్కలవలె మెరిసేవి తరచుగా ఈ కండ్లే.

అట్టి కుటుంబంలో పుట్టియు ఒక్క కన్నయినా లేని సాలీడు ఒకటి ఉన్నది. పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి దీవులలో కవాయి అనే దీవిలో, కొలోవా అనే ఊరి చుట్టుపట్ల నేలక్రింది గుహలలో తప్ప ప్రపంచంలో మరెక్కడను అది కానరాదు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు అడెలొకోసా అనాప్స్. అనాప్స్ అనగా కండ్లు లేనిదని అర్థం. హవాయి భాషలో దానిని ‘పెఎ పెఎ మాకా ఓలె’ అంటారు. పెఎ అంటే దాగుకొనుట, మాకా అంటే కన్ను, ఓలె అంటే లేనిది. ఇంగ్లీషు మాట్లాడేవారు దానికి ‘కండ్లు లేని పెద్దకండ్ల సాలీడు’ అని ఒక వింత పేరు కూడా పెట్టారు. పేరులో ఉన్న విరోధం హాస్యానికి కాదు. పెద్దకండ్ల వంశానికి చెందిన గుడ్డిప్రాణి అని దాని భావం.

ఈ సాలీడు ఒక్క దీవిలోని ఒక్క మూలలోనే ఎందుకు మిగిలినదో తెలియవలెనంటే ఆ గుహలు ఎట్లా ఏర్పడినవో ముందు తెలియాలి. హవాయి దీవులన్నీ అగ్నిపర్వతాల నుండి పుట్టినవే. కరిగిన రాయి కొండనుండి ఏరువలె పల్లానికి పారుతుంది. పైభాగం గాలి తగిలి చల్లారి గట్టిపడుతుంది. లోపలిది మాత్రం ఇంకను వేడిగా ప్రవహిస్తూనే ఉంటుంది. కొండనుండి వచ్చేది ఆగిపోగానే లోపలి రాతిరసం జారిపోయి పై పెంకు మాత్రం నిలుస్తుంది. కాచిన పాలమీద మీగడ కట్టినట్లని అనుకోవచ్చును. ఇట్లా ఏర్పడిన పొడుగాటి బోలు సొరంగమే గుహ. అయితే ఈ గుహలు శాశ్వతం కావు. కప్పు కూలుతుంది, వానకు మట్టి కొట్టుకొని వచ్చి పూడుతుంది. కవాయి వయస్సు సుమారు 50 లక్షల సంవత్సరాలు. హవాయి పెద్ద దీవులలో అది వృద్ధురాలు. దాని తొలినాటి గుహలు ఏనాడో నశించినవి. చాలాకాలం తరువాత దీవిలో అక్కడక్కడ అగ్నిపర్వతాలు మళ్ళీ రగిలినవి. ఆ మలిదశలో కొలోవా ప్రాంతంలో పారిన రాతిరసం వల్ల కలిగిన గుహలే నేటికి మిగిలినవి. ఆ నేల అంతా కలిపి పదికిలోమీటర్ల చదరానికి అటూయిటూగా ఉంటుంది. ఈ సాలీడుకు ప్రపంచం అంతే.

1971కి పూర్వం ఈ ప్రాణి సంగతి శాస్త్రలోకానికి తెలియదు. అప్పటి పండితులు చీకటి గుహలకే అలవాటుపడిన కండ్లు లేని జీవులు చలిదేశాలలోని సున్నపురాతి గుహలలోనే ఉంటాయనీ, ఉష్ణదేశాల దీవులలోని లేత లావా గుహలలో ఉండవనీ నమ్మేవారు. హోనలూలు నగరంలోని బిషప్ మ్యూజియంకు చెందిన ఫ్రాన్సిస్ హోవార్త్ 1971లో హవాయి లావా గుహలను వెదకడం మొదలుపెట్టగానే ఆ నమ్మకం తలక్రిందులైంది. కొలోవా సాలీడును 1973లో విల్లిస్ గెర్ట్ష్ అనే సాలీళ్ళ శాస్త్రజ్ఞుడు వర్ణించి పేరు పెట్టాడు.

చూడడానికి ఇది చిన్నదేమీ కాదు. శరీరం పొడవు రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తల భాగం ఎర్రని గోధుమరంగు, పొట్ట పాలిపోయిన తెలుపు, పొడవైన కాళ్ళు నారింజరంగు. గూడు అల్లదు, చీకటిలో మెల్లగా నడుస్తూ స్పర్శ వల్లను, వాసన వల్లను ఎరను తెలుసుకొని మీదపడుతుంది. మనుష్యులకు దీనివల్ల అపాయం లేదు.

కండ్లు ఎందుకు పోయినవి? వెలుగులో బ్రతికే తోడేలు సాలీళ్ళలో చూపు తగ్గినది ఆకలితో చస్తుంది, కాబట్టి మంచి కండ్లున్నవే మిగిలి సంతానం కంటాయి. కటిక చీకటిలో ఆ పరీక్ష లేదు. లోపమున్న కన్ను శిక్ష పడకుండా తరతరాలకు సాగుతుంది. పనిలేని అవయవాన్ని పోషించనిదానికి కొంత తిండి కలిసివస్తుంది. హవాయి పెద్ద దీవి గుహలలో ఇదే కుటుంబానికి చెందిన మరొక సాలీడు ఉన్నది. దానికి కండ్లు చిన్నవై మిగిలినవి. కొలోవా సాలీడులో అవి పూర్తిగా మాసినవి.

సంతానం విషయంలో ఇది మహా పొదుపరి. నేలపై తిరిగే తోడేలు సాలీళ్ళు చాలా జాతులలో ఒక్క విడతకు నూరు గ్రుడ్లయినా పెడతాయి. ఇది పెట్టేవి 15 నుండి 30 మాత్రమే. గ్రుడ్ల సంచిని తల్లి నోటి కొండ్లతో పట్టుకొని తిరుగుతుంది; పిల్లలు బయటికి వచ్చిన తరువాత కొన్నాళ్ళు వీపున మోస్తుంది. తిండి కరువైన చోట పిల్లలు కొద్దిగా, బలంగా పుట్టడమే మేలు. అయితే ఇట్లా తక్కువగా కనే జాతికి నష్టం కలిగితే అది పూడడానికి చాలాకాలం పడుతుంది. మూలధనం కొంచెం, వడ్డీ అంతకన్న కొంచెం అయిన వ్యాపారం వంటిదిది.

ఇక దీని ఆహారం. సూర్యకాంతి లేనిచోట మొక్క మొలవదు గనుక గుహలోని తిండి అంతా పైనుండి రావలసినదే. నేలమీది చెట్ల వేళ్ళు రాతి పగుళ్ళగుండా గుహకప్పును తొలుచుకొని దిగుతాయి. వాననీరు ఆకుల చెత్తను కొంత లోపలికి చేరుస్తుంది. కుళ్ళిన వేళ్ళను, చెత్తను తిని ఒక చిన్న జీవి బ్రతుకుతుంది. అది రొయ్యలకు దూరపు చుట్టం. సముద్రపు ఒడ్డున ఇసుకలో గెంతే ఇసుకమిడత వంటిది. దాని పొడవు 7 నుండి 10 మిల్లీమీటర్లు, రంగు తెల్లన. దానికి కూడా కండ్లు లేవు. 1976లో పేరు పెట్టబడిన ఈ జీవియు కొలోవాలో తప్ప మరెక్కడను లేదు. సాలీడుకు ముఖ్యమైన ఎర అదే. కనుక చెట్టు, వేరు, గుడ్డిరొయ్య, సాలీడు ఒక గొలుసుగా ఉన్నవి. పైన చెట్టు కొట్టినవానికి క్రింద సాలీడు ఉన్నదని తెలియనక్కరలేదు, గొలుసు తెగిపోతుంది.

ఆహారంకన్న ముందు తేమ కావాలి. ఈ రెండు జీవులకు చర్మంనుండి నీరు ఆవిరైపోకుండా కాపాడుకొనే శక్తి తక్కువ. గాలి పూర్తిగా తడితో నిండి, కదలకుండా ఉన్నచోటనే అవి తిరుగగలవు. గాలి ఏమాత్రం ఆరినా మనిషి చెయ్యి పట్టని సన్నపు పగుళ్ళలోనికి తప్పుకుంటాయి. దీవి నడుమనున్న వయాలియాలె శిఖరం ప్రపంచంలో అత్యధికంగా వాన కురిసే తావులలో ఒకటి. కాని దక్షిణతీరాన ఉన్న కొలోవాకు ఆ భాగ్యం లేదు, అది పొడిప్రాంతం. ఒకే ద్వారమున్న గుహలో తేమ నిలుస్తుంది. కప్పులో రెండవ కన్నం పడిందా, ఈ కన్నంనుండి ఆ కన్నానికి గాలి వీచి నాలుగు దినాలలో గుహ ఆరిపోతుంది. పునాది త్రవ్వే యంత్రం ఒక్క దెబ్బతో అటువంటి కన్నం చేయగలదు.

కొలోవా పేరు చక్కెర చరిత్రలో పెద్దది. హవాయి దీవులలో నిలదొక్కుకున్న మొదటి చెరకుతోట 1835లో అక్కడనే మొదలయింది. నూట అరవై ఏండ్లపాటు ఆ నేల చెరకుకే అంకితమయింది. అడవి పోయింది, దానితో లోతైన వేళ్ళు పోయినవి. దున్నిన మట్టి వానకు కొట్టుకొని వచ్చి కొన్ని గుహలు పూడినవి. 1996లో కొలోవా మిల్లు మూతపడింది. ఆ తరువాత ఆ తీరానికి హోటళ్ళు, గోల్ఫ్ మైదానాలు, ఇండ్ల స్థలాలు మరింత విస్తరించినవి. చెరకు నేలను దున్నింది గాని రాతిని పగులగొట్టలేదు. కట్టడాలు రెండు పనులూ చేస్తాయి. ఇందుకు తోడు పచ్చికపై చల్లే పురుగుమందు నీటితో క్రిందికి దిగుతుంది. సరుకు ఓడలతో పరదేశాలనుండి చేరిన సాలీళ్ళు, బొద్దింకలు గుహలలో ప్రవేశించి ఉన్న కొద్దిపాటి తిండికి పోటీపడుతున్నవి. గుహలోనికి వినోదానికి పోయి చుట్ట, సిగరెట్టు కాల్చేవారివల్ల కూడా కీడున్నది. మన రైతులు పొగాకు కషాయం పైరుమీద ఎందుకు చల్లేవారో జ్ఞాపకం తెచ్చుకుంటే ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు. గాలి కదలని గుహలో ఆ పొగ పోయే దారి లేదు.

సాలీడు కనిపించిన గుహలు అయిదారుకు మించవు. వాటిలో మేలైనదానిలో సయితం ఒకసారికి లెక్కకు వచ్చినవి ముప్పదిలోపే. పగుళ్ళలో దాగినవి లెక్కకు అందవు కాబట్టి ఇది మొత్తం సంఖ్య కాదు. అయినను అమెరికా ప్రభుత్వం దీనిని, దాని ఎర అయిన గుడ్డిరొయ్యను కలిపి 2000 జనవరి 14న నశించిపోతున్న జీవుల చట్టం క్రింద చేర్చింది. ఆ చట్టం పుట్టినది 1973లో; సాలీడుకు పేరు పెట్టినదీ ఆ సంవత్సరమే. రెండూ కలుసుకోవడానికి ఇరువది ఏడు ఏండ్లు పట్టినవి. వేటాడే ప్రాణిని దాని ఎరతో కలిపి రక్షించడం తెలివైన పని. ఒక్కదానినే చేర్చి ఉంటే అన్నం లేని వానికి ఇల్లు కట్టి ఇచ్చినట్లయ్యేది.

తరువాత నేల పేచీ వచ్చింది. ఈ రెండు జీవులకు అత్యవసరమైన భూమిగా నాలుగువేల ఎకరాలకు పైగా గుర్తించాలని 2002లో ప్రతిపాదన వెలువడింది. 2003లో తుది నిర్ణయం వచ్చేసరికి అది 14 ముక్కలుగా 272 ఎకరాలయింది. పదునైదవవంతు మిగిలిందన్నమాట. ఇంతటి బేరం సంతలో కూడా జరగదు. పైగా అట్లా గుర్తించినంత మాత్రాన భూమి ప్రభుత్వానిది కాదు, అభయారణ్యమూ కాదు. కేంద్ర ప్రభుత్వపు డబ్బుగాని, అనుమతిగాని అవసరమైన పనులకే ఆ గుర్తింపు అడ్డు నిలుస్తుంది. ఆ గుహలపై నేల చాలావరకు ప్రైవేటు ఆస్తి. సాలీడు భవిష్యత్తు అధికారుల చేతిలో కన్న భూయజమానుల చేతిలోనే ఎక్కువగా ఉన్నది. కాగితంమీది నాలుగువేల ఎకరాలకన్న, యజమాని మనస్ఫూర్తిగా విడిచిపెట్టిన నాలుగెకరాల తోపు ఆ ప్రాణికి మేలు చేస్తుందని ఒప్పుకోక తప్పదు.

లాభమేమి అని అడిగేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉంటారు. దాని విషం మందులకు పనికివస్తుందని ఎవరైనా ఆశ చూపితే నమ్మవలసిన పని లేదు. ధనరూపమైన లాభం దానివల్ల లేదు. వెలుగును నమ్ముకున్న ఒక వంశం చీకటిలో స్థిరపడి ఎట్లా మారిందో చూపే సాక్ష్యం అదొక్కటే. అది పోతే దానికి మారుగా తెచ్చిపెట్టగలిగేది ప్రపంచంలో లేదు.

రక్షణకు 2006లో తయారైన ప్రణాళికలోని ముఖ్యమైన పనులు చాలావరకు గుహ బయటనే జరిగేవి. గుహలోపల మనిషి చేయగలిగినది తక్కువ. అడుగు పెట్టకపోవడమే అందులో ముఖ్యం. కొన్ని ద్వారాలకు యజమానుల అంగీకారంతో ఇనుప కటకటాలు అమర్చారు. గట్టి తలుపు పనికిరాదు. గాలి, తేమ, కొట్టుకొని వచ్చే ఆకుచెత్త మునుపటివలెనే నడవాలి, మనిషి మాత్రం ఆగాలి. గుహకు సరిగ్గా పైనున్న నేలలో కట్టడాలు లేకుండా విడిచి, లోతుగా వేళ్ళు దించే స్థానికపు చెట్లు, పొదలు నాటుతున్నారు. పైరులా ఏటేటా కోసేందుకు కాదు, అలంకారానికీ కాదు. వేరు రాతి పగులును వెదకుకొని, కప్పు దాటి, చీకటిలోనికి వ్రేలాడేసరికి ఏండ్లు గడుస్తాయి. చెట్టు నాటినవాడు ఆ కటకటాల ఇవతలనే నిలబడతాడు. వేరు కొసకు గుడ్డిరొయ్య చేరిందో లేదో లెక్కలు తీసేవారు ఎప్పుడైనా ఒకసారి దీపంతో లోపలికి పోయి చూచి వచ్చి చెప్పాలి.