రోహిణి ఎండల్లోనే షెడ్డు తలుపు తీద్దాం

రోహిణి కార్తె వచ్చిందంటే మనందరికీ ఒకటే బెంగ కదమ్మా! మృగశిర ఎంతో దూరం లేదు. తొలకరి పడిందంటే ఇంటాయన విత్తనాలకీ ఎరువులకీ పరుగులు పెడతాడు, పెరడూ కూరగాయల మడులూ మన నెత్తినే. దున్నిపెడుతుందని కొన్న పవర్ వీడరేమో పాక మూలన కోళ్లు ఎక్కి కూర్చునే అరుగైపోయింది. "పాత ఇనప సామానోడికి వేసేద్దాం" అన్న మాట మీ ఇంట్లో కూడా వచ్చే ఉంటుంది. కాస్త ఆగు. అమ్మేముందు ఒక్క పూట నా మాట విను.

నిరుడు నడిచింది ఇవాళ కదలట్లేదంటే ఇంజన్ పోయినట్టేనా? చాలాసార్లు తప్పంతా ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలుది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదపకపోతే నీళ్లు అడుక్కి చేరతాయి, పెట్రోలు జిగురు కట్టి కార్బొరేటర్‌లోని సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. ఇక ఎంత తాడు లాగినా మనకి మిగిలేది భుజం నొప్పే.

అందుకని ముందు చున్నీ నడుముకి బిగించు, ప్లగ్ మీది క్యాప్ పీకెయ్. అది పీకకుండా బ్లేళ్ల జోలికి వెళ్లావో, నేను ఊరుకోను. ఆరుబయట, పొయ్యికి దూరంగా, పాత పెట్రోలంతా డబ్బాలోకి దించు. కార్బొరేటర్ కింద చిన్న గిన్నెలాంటిది ఉంటుంది, దాని బోల్టు వదులు చేసి అందులోదీ కార్చెయ్. ఎయిర్ ఫిల్టర్ స్పాంజీదైతే సబ్బునీళ్లతో పిండి నీడన ఆరెయ్. ప్లగ్ మసి పట్టి ఉంటే కొత్తదే వేసెయ్, ఇక్కడ పిసినారితనం వద్దు.

నూనె సంగతి మాత్రం నిదానంగా చూడు. బండిని చదును నేల మీద పెట్టి, ఇంజన్ నూనె మూత విప్పి, దానికున్న కొలత పుల్ల తుడిచి, మళ్లీ ముంచి చూడు. నల్లగా, పల్చగా ఉంటే మార్చాల్సిందే. ఆరేడు హార్స్‌పవర్ ఇంజన్‌కి సుమారు 600 మిల్లీలీటర్లు పడుతుంది. నూనె తగ్గితే అసలు స్టార్టే అవ్వకుండా ఆపే ఏర్పాటు కొన్నింటికి ఉంటుంది. అది తెలియక మెకానిక్ చుట్టూ తిరిగేవాళ్లు ఎంతమందో! గడ్డి కోసే టూ స్ట్రోక్ మిషనైతే నూనెని పెట్రోల్లోనే కలపాలి. దాని పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20. కంటికొలత వద్దు తల్లీ, అది పప్పులో ఉప్పు కాదు.

ఇన్నీ చేశాక కొత్త పెట్రోలు పోసి, క్యాప్ పెట్టి, చోక్ మూసి లాగు. పాకలో కాదు, బయట. ఆ పొగ మంచిది కాదు. తాడు ఏ అడ్డూ లేకుండా తేలిగ్గా వచ్చేస్తుంటే మాత్రం లోపల కంప్రెషన్ పోయిందన్నమాట, అది మనవల్ల అయ్యే పని కాదు. మెకానిక్ దగ్గరికి ఇప్పుడే పంపించు, వానలు పడ్డాక ఆయన మన ఫోనే ఎత్తడు.

ఇక మందు కొట్టే పంపు సంగతి. దీన్నెవరూ పట్టించుకోరు గానీ నాకు అన్నిటికంటే భయం దీంతోనే. నిరుడు ఇదే పంపుతో 2,4-డి గడ్డి మందు కొట్టి ఉంటే, ఆ మిగిలిన బొట్లకే పత్తి ఆకులు ముడుచుకుపోతాయి, మిరపా తట్టుకోలేదు. వాషింగ్ సోడా నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, గొట్టం గుండా కూడా కొట్టి, మంచినీళ్లతో మూడుసార్లు కడుగు. చేతులకి గ్లవ్స్ ఉండాలి, ఆ నీళ్లు బావి దగ్గరా కాలవలోనూ పారబోయకు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు, పాత టూత్‌బ్రష్ చాలు. వీలైతే గడ్డి మందుకి వేరే పంపే ఉంచి, దాని మీద ఎర్ర రంగుతో పెద్దగా రాసిపెట్టు. మీ ఆయన చేత రాయించకు, ఆయన రాత ఆయనకే అర్థం కాదు.