దుప్పటి దులిపితే తుమ్ములెందుకు?

పాత పరుపు దులపగానే వరసగా తుమ్ములొస్తే దుమ్మును తిట్టుకుంటాం. చాలామందిలో అసలు కారణం ఆ దుమ్ములో బతికే డస్ట్ మైట్. ఇది కీటకం కాదు. ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి సాలీడు, తేలు చేరిన అరాక్నిడా తరగతిలోకి వస్తుంది. పొడవు సుమారు 0.3 మి.మీ. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే దీని తిండి. కుట్టదు, కరవదు. దీని విసర్జనలోని ప్రోటీన్లతోనే తంటా. ఇంటి దుమ్ము అలర్జీకి మూలం ఈ జీవేనని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్మా గుర్తించారు.

నిర్ధారణకు స్కిన్ ప్రిక్ టెస్ట్, రక్తంలో ఐజీఈ యాంటీబాడీల పరీక్ష చేస్తారు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, లక్షణాలూ కలవాలి. పాత పద్ధతిలో వాడే మైట్ సారంలో ఎన్నో ప్రోటీన్లు కలగలిసి ఉంటాయి. కొత్త కాంపోనెంట్ పరీక్షలు వాటిని విడదీసి చూస్తాయి: డెర్ పి 1, డెర్ పి 2, డెర్ పి 23 ముఖ్యమైనవి. డెర్ పి 10 అంటే ట్రోపోమయోసిన్. దీన్ని పోలిన ప్రోటీన్ రొయ్యల్లోనూ ఉంటుంది. అందుకే రొయ్యలు పడనివారికి మైట్ పరీక్ష పాజిటివ్ రావచ్చు.

యాంటీహిస్టమిన్లు లక్షణాలను అణచిపెడతాయి, అంతే. ఇమ్యునోథెరపీలో అలర్జీ కారకాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని అలవాటు చేస్తారు. దాంతో ఐజీజీ4 యాంటీబాడీలు పెరుగుతాయి. 1911లో లండన్‌లో లియోనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో ఈ చికిత్సకు దారి వేశారు. ఇప్పుడు ఇంజెక్షన్లు, నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఉన్నాయి. మైట్ మాత్రకు అమెరికా ఎఫ్‌డీఏ 2017లో అనుమతిచ్చింది. సాధారణంగా కనీసం 3 ఏళ్లు వాడాలి.