పెద్దవారిలో ఆటిజం: మన బాధ్యత



ఆటిజం, ఏడీహెచ్‌డీ అనగానే మనకు చిన్నపిల్లలే గుర్తుకు వస్తారు. కాని ఆ పిల్లలు పెద్దవారవుతారు. ఇవి మెదడు ఎదుగుదలలోని తేడాలు. ఆటిజం జీవితాంతం ఉంటుంది. ఏడీహెచ్‌డీ కూడా చాలామందిలో పెద్దయ్యాక కొనసాగుతుంది. ఇందులో తల్లిదండ్రుల పెంపకం లోపమేమీ లేదు.

పలకరిస్తే ముఖం చూడనివారిని గర్విష్ఠులంటాము. చెప్పిన పని మరచినవారిని సోమరులంటాము. ఏళ్ల తరబడి ఈ మాటలు పడినవారు క్రమంగా నలుగురిలోకి రావడం మానేస్తారు. ఆ ఒంటరితనంలో దిగులు, ఆందోళన పెరుగుతాయి. కాబట్టి మందులు, వైద్యులు మాత్రమే చాలరు; మనుషులు కావాలి.

మనం చేయదగినవి:

1. పనిని సూటిగా, ఒక్కొక్కటిగా చెప్పండి. వ్రాసి ఇస్తే మరీ మంచిది.

2. కార్యక్రమంలో మార్పు ఉంటే ముందుగానే తెలపండి.

3. మైకుల మోత కొందరు భరించలేరు. వారిని దూరంగా కూర్చోనివ్వండి; మధ్యలో లేచి వెళ్లినా తప్పుపట్టకండి.

4. లెక్కలు వ్రాయడమో, కుర్చీలు సర్దడమో, వారికి ఇష్టమైన పని అప్పగించండి. జాలికంటె బాధ్యత మేలు.

5. తమవంటి అనుభవం గలవారిని కలుసుకొనే వీలు కల్పించండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ధ్రువపత్రం గురించి ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి.

మీ విచారణలో ఆదివారం వెనుక నిలబడి, ఎవరితోను మాట్లాడక వెళ్లిపోయేవారు ఉన్నారా? ఎందుకలా ఉంటారని తర్కించకండి. వచ్చే వారం వారికొక చోటు ఉంచండి.