పెసరపప్పు, కీర దోసకాయ కోసంబరి: పొయ్యి మీద ఉడకని కూర



షుగరు, బీపీ ఉన్నవారిని మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "రోజూ కూరగాయలు తింటున్నారా?" అందరూ "తింటున్నామండీ" అంటారు. అది అబద్ధం కాదు. అయితే "నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారో వరసగా చెప్పండమ్మా" అంటే అసలు సంగతి బయటపడుతుంది. పళ్ళెం నిండా అన్నం, ఒక మూల రెండు గరిటెల దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, ఆవకాయ బద్ద, చివర మజ్జిగ. ఇందులో కూర ఉన్నది అన్నం గొంతు దిగడానికే గాని కడుపు నింపడానికి కాదు. ఆ కొంచెం కూర కూడా నూనెలో బాగా వేగి ఉంటుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు పెద్దవారికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని చెబుతున్నాయి. 400 గ్రాములంటే ఎంత? ఒక మాదిరి కీర దోసకాయ, రెండు క్యారెట్లు, ఒక టమాటా కలిపి తూకం వేస్తే దాదాపు అంత వస్తుంది. అంత కూర ఒక్కపూట వండుకుని తినమంటే కష్టం. అందుకే ఈ సంచికలో పచ్చిగా తినే కోసంబరి ఎలా చేసుకోవాలో నేర్చుకుందాం. ఖర్చు తక్కువ, నూనె ఒక్క చెంచా, పొయ్యితో పని తాలింపు వరకే.

ఇది కొత్త వంట కాదు. శ్రీరామనవమికి పానకంతో పాటు పంచే వడపప్పు మన ఊళ్ళలో తెలియనివారు లేరు. దానికే కీర ముక్కలు, క్యారెట్ తురుము, కొబ్బరి కలిపితే కోసంబరి. కన్నడ దేశంలో పెళ్ళి విస్తరిలో ఇది ఉండాల్సిందే. పండుగ ఎవరిదైనా పెసరపప్పు అందరిదీ. దానియేలు, అతని స్నేహితులు రాజు భోజనం వద్దని పది దినాలు శాకధాన్యాదులు తిన్న సంగతి మనం ఆదివారపు బడిలోనే చదువుకున్నాం. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తలుచుకుని తలుచుకుని ఏడ్చిన ఐగుప్తు వంటకాల్లో కీరకాయలు, దోసకాయలు కూడా ఉన్నాయి (సంఖ్యాకాండము 11వ అధ్యాయం). మనకు ఏడవాల్సిన పని లేదు. కృష్ణ ఒడ్డున ఉన్నాం, తెనాలి నిమ్మకాయల మార్కెట్టు పక్కనే ఉంది.

చేసే విధానం

నలుగురికి సరిపడే కొలత చెబుతున్నాం. ఛాయ పెసరపప్పు అర గ్లాసు (సుమారు 100 గ్రాములు) తీసుకుని మూడు నీళ్ళు పోసి కడగాలి. తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళలో గంటన్నర నానబెట్టాలి. ఇక్కడే ఒక మాట. చాలామంది తాగడానికి మంచినీళ్ళ టిన్ను కొంటారు గాని, పప్పు నానబెట్టడానికి మాత్రం ట్యాంకు నీళ్ళో బోరు నీళ్ళో పోస్తారు. ఉడికించే పప్పుకైతే ఫరవాలేదు. పచ్చిగా తినే పప్పు నానిన నీళ్ళను పీల్చుకుంటుంది, అంటే మనం ఆ నీళ్ళు తాగినట్టే. కాబట్టి తాగే నీళ్ళే పోయాలి.

పప్పును గోటితో నొక్కితే విరగాలి, మెత్తబడి పిండి కాకూడదు. నీళ్ళు పూర్తిగా వంచేసి జల్లెడలో పది నిమిషాలు ఉంచండి. కీర దోసకాయ ఒకటి చెక్కు తీసి చిన్న ముక్కలు చేయండి. కోసే ముందు రెండు చివర్లూ కొంచెం కొంచెం కొరికి చూడండి. చేదుగా ఉంటే మొత్తం కాయ పారేయాలి. ఉప్పూ నిమ్మరసం చేదును కప్పిపెడతాయి గాని ఆ చేదులో ఉన్న విషపదార్థాన్ని తీసివేయలేవు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. ఒక క్యారెట్ తురుము, రెండు చెంచాల పచ్చికొబ్బరి, ఒక పచ్చిమిరపకాయ, గుప్పెడు కొత్తిమీర సిద్ధం చేసుకోండి. వేసవిలో పుల్లమామిడి తురుము రెండు చెంచాలు వేస్తే నిమ్మకాయ అవసరం ఉండదు. మిగతా రోజుల్లో ఒక నిమ్మకాయ పిండండి.

ఒక టీ స్పూను నూనెలో ఆవాలు, కరివేపాకు, చిటికెడు ఇంగువ చిటపటలాడించి అన్నీ కలపండి. ఈ ఒక్క స్పూను నూనె మానవద్దు. క్యారెట్‌లోని విటమిన్ ఏ తయారయ్యే పదార్థం కొంచెం కొవ్వు తోడుంటేనే ఒంటికి పడుతుంది. నిమ్మరసం ఎందుకంటే, అందులోని విటమిన్ సి పప్పులో, ఆకుల్లో ఉన్న ఇనుమును పేగులు బాగా తీసుకునేట్టు చేస్తుంది. పొయ్యి మీద ఉడికితే ఆ విటమిన్ చాలావరకు పోతుంది. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలు, బాలింతలు ఇది తిన్న వెంటనే టీ తాగకూడదు. టీ ఆ ఇనుమును అందకుండా చేస్తుంది. గంట ఆగి తాగితే సరిపోతుంది.

ఉప్పు అన్నిటికంటే చివర, వడ్డించే ముందు, నలుగురికీ కలిపి పావు టీ స్పూను. ముందే వేస్తే కీర నీరు కారి గిన్నె అంతా చారు అవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఉప్పు ముక్కల పైపైన ఉన్నప్పుడు తక్కువ వేసినా నాలుకకు బాగా తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారు రోజు మొత్తానికి తినవలసిన ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే సుమారు ఒక టీ స్పూను. మన గుంటూరు జిల్లా భోజనంలో ఆవకాయ, గోంగూర, ఊరమిరపకాయ, అప్పడం వరసగా వస్తే ఆ స్పూను మధ్యాహ్నానికే దాటిపోతుంది. బీపీ మాత్ర వేసుకుంటూ ఆవకాయ మానలేకపోతున్నామని మాతో చెప్పేవారు చాలామంది. మానమని గట్టిగా చెబితే ఎవరూ వినరని మాకు తెలుసు. నిమ్మకాయ పులుపు, పచ్చిమిర్చి కారం ఉన్న ఈ గిన్నెను ఊరగాయ చోట పెట్టి చూడండి. ఊరగాయ ఆదివారం భోజనానికి ఉంచుకోండి.

కడగడమే అసలు పని

పైన చెప్పినదంతా పావుగంట పని. కడగడానికి ఇంకో పావుగంట పడుతుంది, అది తగ్గించుకోవద్దు. పచ్చి కూర మంచిదని తిని టైఫాయిడ్‌తోనో, ఏలికపాములతోనో ఆసుపత్రికి వస్తే లాభం ఏముంది? అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది, అది చాలామందికి తెలియదు. మూర్ఛ వచ్చినవారికి తల స్కానింగు చేస్తే కొందరిలో బద్దెపురుగు తిత్తులు కనిపిస్తాయి. "మేము పంది మాంసం ముట్టనే ముట్టమండీ, మాకెలా వచ్చింది?" అని ఇంట్లోవారు ఆశ్చర్యపోతారు. కడుపులో బద్దెపురుగు ఉన్న మనిషి ఆరుబయట మలవిసర్జన చేస్తే ఆ పురుగు గుడ్లు మట్టిలో, కాలవ నీళ్ళలో కలుస్తాయి. అక్కడి నుంచి నేలకు దగ్గరగా పెరిగే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్, క్యాబేజీలకు అంటుకుంటాయి. సరిగా కడగకుండా తింటే ఆ గుడ్లు కడుపులో పొదిగి, పిల్ల పురుగులు రక్తంలో కలిసి మెదడు దాకా పోతాయి. శాకాహారికైనా వచ్చే జబ్బు ఇది.

ఉప్పునీళ్ళలో, వెనిగరులో, పసుపు నీళ్ళలో ముంచితే చాలని చాలామంది నమ్ముతారు. ఈ గుడ్లు వాటికి చావవు, క్లోరిను నీళ్ళకు కూడా తట్టుకుంటాయి. అవి పోయేది రుద్దడంతో, పారే నీళ్ళతో. కుళాయి కింద పట్టుకుని ఒక్కొక్క కాయనూ చేత్తో రుద్ది కడగండి. ఆకుకూర కట్ట విప్పి, వేర్లు కోసేసి, పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి జాడించి, ఆకును పైకి తీసి ఆ నీళ్ళు పారబోయండి. గిన్నె అడుగున ఇసుక రేణువు కూడా కనబడనంతవరకు నీళ్ళు మార్చాలి. చివరి నీళ్ళు తాగే నీళ్ళయి ఉండాలి. క్యారెట్, ముల్లంగి, కీర కడిగిన తర్వాతే చెక్కు తీయండి. ముందు చెక్కు తీస్తే పైనున్న మట్టి కత్తితో పాటు లోపలికి పోతుంది. చేపలు, కోడిమాంసం కోసిన కత్తిపీట మీద, సబ్బుతో కడగకుండా, ఈ ముక్కలు కోయవద్దు. ఇది మన ఇళ్ళలో ఆదివారం నాడు ఎక్కువగా జరిగే పొరపాటు, గుడి నుంచి వచ్చి హడావుడిగా వంట చేస్తాం గదా.

వరదల తర్వాత మరీ జాగ్రత్త. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు కృష్ణ వెంట లంక పొలాలు ఎలా మునిగాయో అందరికీ గుర్తుంది. వరద నీళ్ళు నిలిచిన పొలంలోని కాయను, ఆకును ఎంత కడిగినా పచ్చిగా తినకూడదు. బాగా ఉడికించి తినండి.

మన ప్రాంతపు పంటే గదా అని కందను కూడా తురిమి వేస్తే ఎలా ఉంటుందని ఎవరికైనా ఆలోచన వస్తుందేమో. కంద పచ్చిగా వద్దు, నోరూ గొంతూ దురద పెట్టి వాస్తాయి. వంకాయ, ఆలుగడ్డ కూడా పచ్చివి పనికిరావు.

ఖాసీ కొండల ముల్లంగి

చలికాలంలో లేత ముల్లంగి వచ్చినప్పుడు ఇంకో రకం చేసుకోవచ్చు. ఇది మేఘాలయలోని ఖాసీ కొండల వంట. 1841లో వేల్సు దేశపు మిషనరీ థామస్ జోన్స్ అక్కడికి వెళ్ళి ఖాసీ భాషకు రోమను లిపిలో రాత నేర్పారు. 1922 నుంచి షిల్లాంగులో మిషను ఆసుపత్రి నడుస్తున్నది. ఖాసీ ఇళ్ళలో ముల్లంగి తురుముకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పెరిల్లా అనే మొక్క గింజలు వేయించి నూరిన పొడి కలిపి అన్నంతో తింటారు. దాని పేరు ముల్లీ ఖ్లే. వారి భాషలో 'ఖ్లే' అంటే కలపడం. ఆ గింజలు మన అంగళ్ళలో దొరకవు. మనకు నువ్వులున్నాయి.

రెండు లేత ముల్లంగులు తురిమి, చేత్తో మెల్లగా పిండి నీరు కొంత తీసేయండి. ఆ నీళ్ళు పారబోయకుండా పప్పుచారులో పోయవచ్చు. రెండు చెంచాల నువ్వులు నూనె లేకుండా దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచండి. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ, ఒక పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క తురుము వేసి, నిమ్మరసం పిండి, చిటికెడు ఉప్పుతో కలపండి. నువ్వుల కమ్మదనానికి ముల్లంగి ఘాటు తగ్గుతుంది. ముల్లంగి వాసన పడదనే పిల్లలు కూడా ఇలాగైతే తింటారు. పొట్టు తీయని నువ్వుల్లో కాల్షియం ఎక్కువ, కాబట్టి తెల్లగా పాలిష్ చేసినవి కాకుండా పొట్టు ఉన్నవే కొనండి.

ఎప్పుడు, ఎంత, ఎవరు తినకూడదు

ఒక్కొక్కరికి ఒక కప్పు. అన్నంతో పాటు కాదు, అన్నానికి ముందు తినాలి. కూరగాయలు, పప్పు ముందు తిని అన్నం తర్వాత తిన్నవారిలో భోజనం తర్వాత షుగరు పెరగడం తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. కడుపు కొంచెం నిండుతుంది కాబట్టి రెండోసారి అన్నం వడ్డించుకునే అవసరం తగ్గుతుంది. కానీ ఇన్సులిను వేసుకున్నవారు, షుగరు మాత్ర వేసుకున్నవారు ఈ గిన్నె ఒక్కటే తిని భోజనం మానేయవద్దు. షుగరు మరీ పడిపోయి చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. అన్నం తగ్గించాలనుకుంటే మందు మోతాదు గురించి డాక్టరుగారితో మాట్లాడిన తర్వాతే తగ్గించండి.

చేసిన గంటలోపు తినేయాలి. మిగిలితే రాత్రికి దాచవద్దు, మన ఎండలకు త్వరగా పులిసిపోతుంది. పొలానికి, బడికి డబ్బాలో పెట్టి పంపేటట్టయితే ముక్కలు, పప్పు వద్దు, కడిగి తుడిచిన కీరకాయను కోయకుండా అలాగే పంపండి. మొలకెత్తించిన పెసలు వాడేవారు వాటిని ఆవిరి మీద బాగా ఉడికించాలి. మొలకలకు కావలసిన తడి, వెచ్చదనమే సూక్ష్మక్రిములకూ కావాలి. గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివారికి నానిన పప్పును కూడా ఉడికించి చల్లార్చి కలపడం మంచిది.

కీమోథెరపీ తీసుకుంటున్నవారు, తెల్ల రక్తకణాలు తగ్గినవారు పచ్చివేవీ తినకూడదు. గుండె కవాటం ఆపరేషను అయి రక్తం పల్చబడే మాత్ర వాడేవారు ఆకులు ఒకరోజు గుప్పెడు, ఒకరోజు అసలు లేకుండా తినవద్దు. ఎప్పుడూ ఒకే కొలత తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి పచ్చి కూరల్లోని పొటాషియం ఒంట్లో నిలిచిపోయి గుండె మీద పడవచ్చు. వారు ఈ పాఠం చూసి ఇంట్లో మొదలుపెట్టవద్దు. ఈసారి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు చివరిసారి చేయించిన రక్తపరీక్ష కాగితం తెచ్చి, ఏ కూర ఎంత తినవచ్చో డాక్టరుగారిని అడిగి రాయించుకోండి.