మోర్సు మీట: చేయి తొందరపడినప్పుడు

ప్రశ్న: హామ్ రేడియో జనరల్ గ్రేడు పరీక్షకు సిద్ధమగుచున్నాను. మోర్సు పట్టిక కంఠస్థమైనది గాని, మీట పట్టగానే చేయి తడబడుచున్నది. ఏమి చేయవలెను?
– ఒక పాఠకుడు, రిసాలి (భిలాయి)

జవాబు: పట్టిక కంఠస్థమగుటయే మీకు ప్రతిబంధకమైనదేమో! అక్షరమును చుక్కలుగను గీతలుగను లెక్కించువాని చేయి, ఆ లెక్క తెమలువరకు ఆగి, పిదప ఒక్కసారిగా పరుగెత్తును. కావున మొదట వినుడు. ‘డి-డా’ అను నాదమే ‘ఎ’ అని చెవికి పట్టిన పిమ్మటనే మీట ముట్టుడు. గీత చుక్కకు మూడింతలు. అక్షరముల నడుమ మూడు చుక్కల కాలము, పదముల నడుమ ఏడు చుక్కల కాలము విరామము. ఆరంభకులు చెడగొట్టునవి తరచు గీతలు కావు, ఈ విరామములే. ముంజేతిని బల్లపై ఆనించి, మీట గుండీని మూడు వ్రేళ్లతో మృదువుగ పట్టి, మణికట్టును ఆడింపవలెను. వ్రేలితో పొడిచినచో చేయి త్వరలోనే బిగిసిపోవును.

పరీక్షకు వలసిన వేగము నిమిషమునకు 8 పదములే. (మోర్సు అక్కరలేని రెస్ట్రిక్టెడ్ గ్రేడు ఉన్నను, మీ పట్టుదల నాకు నచ్చినది.) లైసెన్సు వచ్చువరకు బజరుతోనే అభ్యసింపుడు, ప్రసారము నిషిద్ధము. గురువు దొరకనిచో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు వ్రాయుడు. 2004 సునామీవేళ అండమానునుండి వార్తలందించిన భారతీ ప్రసాద్ గారి బృందము ఆ సంస్థదే. గురువు లేకున్నను, బజరుపై మీరు పంపినది రికార్డు చేసి, మరునాడు మీరే విని వ్రాసికొనుడు. ఎచట కలము ఆగునో అచటనే మీ విరామము తప్పినది.