గోల్ఫు దెబ్బలో మణికట్టు విప్పు వేళ

గడచిన వర్షకాలమున నొక సాయంకాలము మేము నలుగురు విద్యార్థులతో బెంజి సర్కిలువద్ద బస్సుకొఱకు వేచియుంటిమి. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారియు, బందరునకు పోవు రహదారియు అచ్చటనే ఒకదాని నొకటి దాటుచున్నవి. వాన అప్పుడే వెలసినది. తొమ్మిదవ తరగతి బాలుడొకడు మూసిన గొడుగును రెండు చేతులతో పట్టుకొని, నేలపై పడియున్న సోడాసీసా మూతను బంతిగా నెంచి, ఫోనులో తాను చూచిన గోల్ఫు ఆటగానివలె కొట్టసాగెను. గొడుగు కొన మూతకు జానెడు వెనుకనే నేలను తాకెను. బురద మా పంచెలపై చిందెను.

కోపగించుటకు మాఱుగా మేము గురువుతనము చూపితిమి. “మణికట్టుతో కొట్టవలెనురా” అంటిమి. మఱునాడు బడి మైదానమున వానికి సన్నని వెదురుకఱ్ఱ యిచ్చి, వాని చేతులు నడుము దగ్గఱకు దిగినప్పుడెల్ల “ఇప్పుడు!” అని కేకవేసితిమి. రెండు దినము లిట్లు జరిగెను. దెబ్బ చక్కబడుటకు మాఱు మఱింత చెడెను. మూడవనాడు వాడు కఱ్ఱను గోడకు చేర్చి, “నాకీ ఆట రాదండి అయ్యగారూ” అని తలవంచుకొని పోయెను. తప్పు వానిది కాదు, మాది. ఎట్లనగా వినుడు.

గోల్ఫు ధనికుల ఆట, మన పిల్లలకేల యని తలిదండ్రు లడుగవచ్చును. మైదానము లరుదు, నిజమే. విశాఖపట్టణమున ఈస్టు పాయింటు మైదానము కలదు. హైదరాబాదున గోలకొండ కోటను చేరి యొకటి కలదు. మా బాలురలో పెక్కురు వానిని చూచియెరుగరు. అయినను మణికట్టు అందఱికిని కలదు గదా!

కుడిచేతివాటపు ఆటగాడు కఱ్ఱను వెనుకకెత్తునపుడు ఎడమ మణికట్టు బొటనవ్రేలి వైపునకు మడుగును. కఱ్ఱ పైకి చేరునప్పటికి ఎడమచేతికిని కఱ్ఱకును నడుమ సుమారు 90 డిగ్రీల కోణ మేర్పడును. ఈ మడుపు ఎత్తునపుడు ముందుగా నేర్పడవలెనా, కడపట నేర్పడవలెనా యని గోల్ఫు నేర్పువారిలో భేదాభిప్రాయము లున్నవి. మా దృష్టిలో అది పెద్ద విషయము కాదు. దిగునపుడు అది యెప్పుడు విప్పబడుననునదే ముఖ్యము.

1968లో అలస్టేర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనువారు బ్రిటనులో ప్రకటించిన ‘ది సెర్చ్ ఫర్ ది పర్ఫెక్ట్ స్వింగ్’ అను గ్రంథమున ఈ దెబ్బను కీలుతో కలిపిన రెండు కఱ్ఱలుగా వివరించిరి. పై కఱ్ఱ చేయి, క్రింది కఱ్ఱ క్లబ్బు, నడిమి కీలు మణికట్టు. మడిచియున్నంతసేపు క్లబ్బు బరువు భుజమునకు దగ్గఱగా నుండుటచే చేతులు సులువుగా వేగము పుంజుకొనును. పిమ్మట ఆ తిరుగుడు బలముననే క్లబ్బు వెలుపలికి లాగుకొని, కీలు తనంతట తాను విచ్చుకొనును. అప్పుడు చేతులు నెమ్మదించును. వాని శక్తి క్లబ్బు కొనకు చేరును. ఆఱితేరిన ఆటగాండ్ర క్లబ్బు కొన సెకనుకు సుమారు 50 మీటర్ల వేగమందుకొనును.

ఇది మనకు క్రొత్తది కాదు. కాలువ రేవున బట్టలుతుకువారిని చూడుడు. తడిసిన దుప్పటిని తలపైకెత్తి దింపునపుడు ముందు చేతులు దిగును. దుప్పటి కొన వీపు వెనుకనే యుండి, చివరకు వచ్చి బండపై ఫెళ్ళున పడును. కొనను త్వరపెట్టవలెనని వారెన్నడు తలపరు. త్వరపెట్టినచో బండకు ముందే బలము తీరిపోవును. మా బాలుడు చేసినదియు నిదియే. పైనుండియే మణికట్టును విదలించుటచే గొడుగు ముందే వెలుపలికి చాచుకొని మూతకు వెనుక నేలను తాకెను. విప్పకుండ బిగబట్టుటయు దోషమే. అప్పుడు క్లబ్బు ముఖము తెఱచుకొనియుండి బంతి కుడివైపునకు పోవును.

ఇక మా కేక సంగతి. పైనుండి బంతి వఱకు క్లబ్బు దిగుటకు పట్టు కాలము ఇంచుమించు సెకనులో నాలుగవ వంతు. చెవి విన్నదానికి చేయి కదలుటకే సెకనులో ఆఱవ యేడవ వంతు గడచును. చేతులు నడుమునకు వచ్చిన పిదప మేమన్న “ఇప్పుడు!” వాని మణికట్టునకు చేరునప్పటికి మూత తాకుటయో తప్పుటయో జరిగిపోయి యుండును. పాపము, వాడు తరువాతి దెబ్బలలో మా కేకకు ముందుగనే సిద్ధపడి, మఱింత త్వరగా విదలించెను. విధేయుడైన పిల్లవాడగుటచేతనే చెడిపోయెను!

వానిని పిలిచి తప్పు మాదని చెప్పితిమి. వాడు నమ్మలేనట్లు చూచెను. ఈ పర్యాయము కేకలు లేవు. వెదురుకఱ్ఱను తేలికగా పట్టుకొని, బంతి లేకయే త్రిప్పి, గాలిని చీల్చు ‘సుయ్’ మను ధ్వని ఎచ్చట వినబడునో చెప్పుమంటిమి. మొదట కుడిభుజము వెనుక వినబడినది. ముందుగా విప్పినట్లు అదియే గుర్తు. పిడికిలి సడలించి, ఎడమ తుంటి మొదట తిరిగి చేతులను దింపునట్లు చేయగా, ధ్వని క్రమముగా పాదముల దగ్గఱకు జరిగెను. (ఇంట చేయు బాలురు ముందు వెనుకకు చూచుకొనవలెను; మా మైదానమున పూలకుండీ యొకటి బలియైనది.) అఱగంటకు ఆ ధ్వని బంతి యుండవలసిన చోటనే పుట్టెను. అప్పుడు సోడాసీసా మూతను పెట్టితిమి. మొదటి దెబ్బకది తగులలేదు. రెండవ దెబ్బకు ప్రహరీగోడ దాటి పోయినది. వాడు దానిని వెదకుటకు పరుగెత్తెను.